విదేశాంగం పెట్టిన ఎన్నిక

కాలేజీలో ఆ అమ్మాయికి విదేశాంగం అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్లకు మనుషుల్ని చూసే కన్ను ఉందని ఒప్పుకోవాలి. సముద్రాల అవతల ఒక దేశంలో అధ్యక్ష ఎన్నికలు జరుగుతుంటే, ఆ రెండు నెలలూ ఆమె క్యాంటీన్‌లో టీ వేడిగా తాగిన పాపాన పోలేదు. రేవు పట్టణాల కార్మికులు ఎటు మొగ్గుతారు, పాత అధ్యక్షుడు ఏ సభలో నోరు జారాడు, అతని మీద పోటీకి దిగిన డాక్టరమ్మకు కొండ జిల్లాల్లో ఎన్ని ఓట్లు తగ్గుతాయి, అన్నీ ఆమె నాలుక చివరే ఉండేవి. ఆ దేశపు రైల్వే మంత్రి పేరు కూడా చెప్పగలదు. తన కాలేజీ పాలకమండలిలో ఎవరెవరున్నారని అడిగితే మాత్రం, "అవన్నీ ఇప్పుడెందుకు?" అంటుంది.

ఆ పాలకమండలే ఈ ఏడు ఫీజును ఒక్కసారిగా సగానికి సగం పెంచింది. పద్దెనిమిది రోజులుగా కొంతమంది పిల్లలు ఆఫీసు మెట్ల మీద బైఠాయించారు. వాళ్లను అక్కడ కూర్చోబెట్టింది విదేశాంగం ప్రాణస్నేహితురాలే. ఆ పిల్ల పేరు మైకు. ఆమె మాట్లాడితే మైకు అక్కర్లేదు గనక ఆ పేరు వచ్చింది.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదేనే," అంది మైకు ఆ సోమవారం పొద్దున, క్యాంటీన్ బల్ల మీద కరపత్రాలు మడుస్తూ. "అక్కడ డాక్టరమ్మ ఓడిపోతే నీకు అన్నం సయించదు. ఇక్కడ నీ బెంచీలో కూర్చునే ముగ్గురు వచ్చే నెల నుంచి కనబడరు. అది నీకు పట్టదు."

"పట్టకేం? కానీ మెట్ల మీద కూర్చుని అరిస్తే పనవుతుందా? వినతిపత్రం ఇవ్వాలి. కమిటీ వెయ్యమనాలి. దేనికైనా ఒక పద్ధతుంటుంది."

"నీ పద్ధతి తగలెయ్య," అంది మైకు. కోపం లేకుండానే అంది.

విదేశాంగం నొచ్చుకుంది. పద్ధతి మీద ఆమెకున్న నమ్మకం నిజమైనదే. దాని వెనక ఒక భయం కూడా ఉంది. ఆమె చదువు రాయితీ మీద నడుస్తోంది. ఏటా ప్రిన్సిపాల్ ఒక కాగితం మీద సంతకం పెడితేనే ఆమెకు తరగతి గదిలో చోటు. ఈ ఏటి సంతకం ఇంకా పడలేదు. మెట్ల మీద కూర్చున్న వాళ్ల ఫైళ్లు ఎలా వెనక్కి పోతాయో ఆమె చూసింది.

"ఇవాళ మాత్రం నా ఎన్నిక పాడు చెయ్యకే. నీ కాళ్లు పట్టుకుంటాను," అంది.

"కాళ్లొద్దులే. నేను పాడు చెయ్యను. మాటిస్తున్నా."

ఆ ఎన్నిక సంగతి చెప్పాలి. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి పరిశీలకులు వస్తున్నారు. వాళ్లకు ఏదైనా గొప్పగా చూపించాలని రాజనీతి మాస్టారు ఒక నమూనా ఎన్నిక తలపెట్టారు. అవతలి దేశంలో పోలింగు జరిగే వారమే, ఇక్కడి పిల్లలంతా అదే ఇద్దరు అభ్యర్థులకు ఓటేస్తారు. సొంత కాలేజీలో విద్యార్థి సంఘం ఎన్నికలు జరిగి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు, అది వేరే విషయం. ఎన్నికల అధికారిగా విదేశాంగాన్ని కాక ఇంకెవరిని పెడతారు?

ఆమె నిజం ఎన్నికలాగే ఏర్పాట్లు చేసింది. అట్టపెట్టెకు నల్ల కాగితం అంటించి, మూతకు లక్క పోసి ముద్ర వేసింది. చీటీ మీద డాక్టరమ్మకు నీలం గడి, పాత అధ్యక్షుడికి పసుపు గడి. చీటీలను పుస్తకంగా కుట్టించింది. చీటీ చింపి ఓటరుకు ఇస్తే, మిగిలిన సగం పుస్తకంలోనే ఉంటుంది. దాని మీద ఓటరు సంతకం చేసి రోల్ నంబరు వెయ్యాలి. రెండు సగాల మీదా ఒకటే వరుస సంఖ్య. ఈ ఏర్పాటు ఆమె తల్లి దగ్గర నేర్చుకున్నది. తల్లి బస్సు డిపోలో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. నంబరు లేని చీటీ ఆమె లెక్కలో చీటీయే కాదు. నంబర్లు వేస్తే దొంగ చీటీలు పడవని కూతురు మురిసింది. ఆ నంబరు పట్టుకుని వెళ్తే ఎవరు ఎవరికి ఓటేశారో తెలిసిపోతుందని మాత్రం తల్లికీ తట్టలేదు, కూతురికీ తట్టలేదు. టికెట్టు కొన్నవాడికి రహస్యం ఏముంటుంది గనక!

ఓటింగు మొదలయ్యే ముందు ఆమె స్టూలెక్కి నిలబడింది. "ఇది రహస్య ఓటు. మీరెటు వేశారో మీ పక్కవాళ్లకు తెలియదు, మాస్టారికి తెలియదు, నాకూ తెలియదు. మీ మనసుకు తోచింది చెయ్యండి."

పిల్లలు తమ మనసుకు తోచిందే చేశారు.

మధ్యాహ్నం లెక్కింపు హాల్లో. ముందు వరసలో ముగ్గురు పరిశీలకులు, వాళ్ల పక్కన ప్రిన్సిపాల్. ప్రతి చీటీనీ రెండు వైపులా సభకు చూపించి, పైకి చదవాలని విదేశాంగమే నియమం పెట్టింది. మొదటి చీటీ ఎత్తింది. "నీలం." రెండోది, "పసుపు." మూడోది తిప్పేసరికి ఆమె గొంతు ఆగింది. వెనక పెన్సిలుతో రాసి ఉంది: డాక్టరమ్మ గెలిచినా ఆయన గెలిచినా సంతోషమే, మా ఫీజు తగ్గించేవాళ్లు ఎవరో కూడా ఈ చీటీలో అచ్చు వెయ్యాల్సింది.

మాస్టారు దగ్గారు.

"చెల్లదు," అంది ఆమె.

తర్వాత చీటీ కూడా చెల్లదు. ఆ తర్వాతిదీ అంతే. ఒకదాని మీద గడులు రెండూ కొట్టేసి "ఫీజు" అని ఒక్క మాట ఉంది. ఇంకోదాని మీద ముచ్చటైన దస్తూరీలో "ఎన్నిక పాడుచేసినందుకు మన్నించాలి, మాకు వేరే చోటు దొరకలేదు" అని ఉంది. ఇరవయ్యో చీటీకి వెనక వరసల్లోంచి ఎవరో ఆమెతో పాటు "చెల్లదు" అన్నారు. యాభైకి చేరేసరికి సగం హాలు అంటోంది. ఆమె చీటీ ఎత్తడం, మూడొందల గొంతులు "చెల్లదు" అనడం. ఆమె చెంపలు మండిపోయాయి. ఎవరి మీద కోపమో తెలియని కోపం వచ్చింది. పడిన ఓట్లు ఆరువందల పన్నెండు. చెల్లనివి రెండువందల ముప్పైఒకటి.

"అంతమంది ఏం రాశారమ్మా?" అని అడిగాడు పరిశీలకుల్లో పెద్దాయన.

"చిన్నపిల్లలు కదండీ, ఏదో సరదా," అన్నాడు ప్రిన్సిపాల్, నవ్వుతూనే.

మంగళవారం పొద్దున నోటీసు బోర్డు మీద కాగితం కనిపించింది. ఓటర్లను రెచ్చగొట్టి ఎన్నికను భగ్నం చేసినందుకు మైకును సస్పెండు చేశారు. విచారణ పూర్తయ్యేదాకా ఆమె ఆవరణలోకి రాకూడదు. వచ్చే సోమవారం మొదలయ్యే పరీక్షలు రాయకూడదు. రాయకపోతే ఏడాది పోయినట్లే.

విదేశాంగం నోటీసు రెండోసారి చదువుతుండగానే అటెండరు వచ్చి, ప్రిన్సిపాల్ గారు పిలుస్తున్నారని చెప్పాడు.

ప్రిన్సిపాల్ గదిలో రాజనీతి మాస్టారు ముందే ఉన్నారు. బల్ల మీద ఆమె కుట్టించిన పుస్తకాలు, ఆమె ముద్ర వేసిన కవరులోనే ఉన్నాయి.

"కూర్చోమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "నీ ఏర్పాటు చాలా బాగుంది. నిన్న సాయంత్రం మాస్టారు వివరించేదాకా నాకు అర్థం కాలేదు. చీటీ మీదా నంబరుంది, పుస్తకంలోనూ నంబరుంది. అంటే ఆ రాతలు రాసిన రెండువందల ముప్పైఒక్క మందీ ఎవరో మనకు తెలిసిపోతుంది."

ఆ మాట విన్న క్షణం దాకా నిజంగానే ఆమెకు అది తోచలేదు.

"అది రహస్య ఓటండీ," అంది.

"నిజం ఎన్నికైతే కదా రహస్యం. ఇది ఆట." ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. "నీ స్నేహితురాలు తనకేమీ సంబంధం లేదంటోంది. మంచిదే. జాబితా తయారు చెయ్యి. అందులో ఆమె పేరు లేకపోతే సస్పెన్షన్ ఎత్తేస్తాను. మిగతావాళ్ల హాల్‌టికెట్ల సంగతి తర్వాత ఆలోచిద్దాం. నీ రాయితీ ఫైలు కూడా నా దగ్గరే ఉంది. శుక్రవారం రెండూ కలిపి చూసేద్దాం."

బయటికి వచ్చాక మాస్టారు ఆమె ముఖం చూడకుండా పుస్తకాల కవరు, చీటీలు దాచిన రికార్డు గది తాళంచెవి ఇచ్చారు. "నేనేం చెయ్యగలనమ్మా? నా ఉద్యోగం పర్మనెంటు కాదు," అన్నారు.

బుధవారమంతా ఆమె రికార్డు గదిలోనే కూర్చుంది. తనకు తాను చాలా చెప్పుకుంది. మైకును కాపాడటానికే ఈ పని. జాబితా చేసినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు. ఇచ్చినా రెండువందల మందికి హాల్‌టికెట్లు ఆపే ధైర్యం ఎవరికుంది? ఇలా చెప్పుకుంటూనే రూళ్ల కాగితం మీద మూడు గళ్లు గీసింది. చీటీ తియ్యడం, మూలనున్న సంఖ్య చూడడం, పుస్తకం తిప్పి అదే సంఖ్య దగ్గర వేలు పెట్టడం, సంతకం పోల్చుకుని రోల్ నంబరు ఎక్కించడం. పావుగంటలో చేతులు దారిలో పడ్డాయి. తప్పు లేకుండా పని చెయ్యడంలో ఒక సుఖం ఉంటుంది. ఆ సుఖం ఆమెకు అప్పుడు కూడా తెలిసింది. తర్వాత చాలాసార్లు ఆమె సిగ్గుపడింది అందుకే.

చీటీ వెనక మాటలు చదవకూడదనుకుంది. చదవకుండా ఉండలేకపోయింది. అందరూ మొద్దబ్బాయి అనుకునే వాలీబాల్ కెప్టెన్ నాలుగు పంక్తులు గుండె పిండేట్టు రాశాడు. ప్రిన్సిపాల్ కారు డ్రైవరు కూతురు రాసింది. మొదటి బెంచీలో కూర్చుని మూడేళ్లుగా హాజరు తప్ప ఇంకో మాట పలకని పిల్ల ఉంది. అందరూ మౌనవ్రతం అంటారు. ఆ పిల్ల చీటీ మీద, "తమ్ముడు చదువు మానేస్తే నన్ను చదివిస్తామంటున్నారు. అలాంటి చదువు నాకొద్దు" అని ఉంది. విదేశాంగం ఆ చీటీని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల పక్కనే ఏడాదిపాటు కూర్చుని తను డాక్టరమ్మ పన్నుల విధానం గురించి చెప్పింది. ఆ పిల్ల మర్యాదగా విన్నది.

మౌనవ్రతం పేరు కూడా జాబితాలో ఎక్కించింది. ఎక్కించి, కలం పక్కన పెట్టేసింది.

గురువారం ఆ గదికి వెళ్లింది ఒక్క సంతకం కోసమే. మైకు సంతకం పుస్తకంలో మూడువందల పద్దెనిమిదో నంబరు దగ్గర దొరికింది. చెల్లని చీటీల కట్ట మొత్తం రెండుసార్లు తిరగేసింది. మూడువందల పద్దెనిమిది లేదు. చెల్లిన చీటీల కట్ట విప్పింది. అందులో ఉంది. నీలం గడిలో, గీత దాటకుండా, ఒద్దికగా ఒక టిక్కు. వెనక ఏమీ లేదు. అంతమందిని మెట్ల మీద కూర్చోబెట్టిన మనిషి, స్నేహితురాలికిచ్చిన మాట కోసం, ఆ స్నేహితురాలికి నచ్చిన అభ్యర్థికే ఓటేసి పోయింది.

విదేశాంగం ఏడ్చింది, నవ్వింది. గది తాళం వేసిందో లేదో కూడా చూసుకోకుండా గేటు దాటి పరుగెత్తింది.

రోడ్డు అవతల జిరాక్సు షాపులో మైకు ఉంది. మిషన్లోంచి వేడివేడిగా వస్తున్న కరపత్రాలను అందుకుని, బల్ల మీద తట్టి, అంచులు కలిపి కట్టలు కడుతోంది. ఆవరణలోకి రావద్దన్నారు గానీ, ఆవరణ ఎదురుగా ఉండొద్దనలేదు కదా.

"నువ్వు రాయలేదే! నీ చీటీ శుభ్రంగా ఉంది!" అంది విదేశాంగం రొప్పుతూ. "మూడువందల పద్దెనిమిది. నేను చూశాను. జాబితా ఇస్తే రేపే నిన్ను లోపలికి రానిస్తారు."

మైకు చేతుల్లో కట్ట ఆగిపోయింది. "ఏం చూశావు?"

"నీ ఓటు."

"నా ఓటు నువ్వెలా చూశావు?"

విదేశాంగం అంతా చెప్పింది. నంబర్లు, పుస్తకాలు, మూడు గళ్ల కాగితం, ప్రిన్సిపాల్ మాట. చెబుతున్నకొద్దీ స్నేహితురాలి ముఖంలో తను ఎదురుచూసిన సంతోషం కాక ఇంకేదో కనబడింది. మైకు గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోవడం అదే మొదటిసారి.

"స్టూలెక్కి మరీ చెప్పావు. నాకూ తెలియదన్నావు. నువ్వన్నావు కాబట్టే వాళ్లు రాశారు. మెట్ల దగ్గరికి రావడానికి భయపడేవాళ్లే, అందరూ. నీ మాట నమ్మి రాశారు."

"నిన్ను కాపాడాలని..."

"రెండొందల మందిని ముంచి నన్ను గట్టెక్కిస్తావా? ఎవరడిగారే నిన్ను?" కరపత్రాల కట్టను బల్ల మీద పెట్టింది. "ఆ దేశంలో ఎవడైనా ఓటరు చీటీలు తెరిచి పేర్లు రాసుకుంటే నువ్వెన్ని రోజులు మాట్లాడేదానివి? మా చెవులు చిల్లులు పడేదాకా మాట్లాడేదానివి. ఆ ఓటు నీకు చూపించాలని వెయ్యలేదు నేను. ఎవరికీ చూపించాలని వెయ్యలేదు. వెళ్లు."

షాపతను మిషన్ ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. విదేశాంగం వెళ్లింది. మళ్లీ రికార్డు గదికి పోయి, పుస్తకాలూ జాబితా సంచిలో పెట్టుకుంది. ఇంటి దగ్గర పూర్తి చేస్తానని మాస్టారితో చెబితే, ఆయన హమ్మయ్య అనుకున్నట్టు తలూపారు.

సాయంత్రం తల్లి డిపో నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే అంతా చెప్పేసింది. తల్లి వింటూ గోడకు ఆనుకుని కూర్చుంది. రోజంతా కిటికీలోంచి వంగి వంగి ఆమె మెడ పట్టేసి ఉంటుంది. ఒక చేత్తో మెడ నొక్కుకుంటూ, "ఇవ్వకపోతే ఏమవుతుంది?" అని అడిగింది.

"రాయితీ పోతుంది."

"రాయితీ పోతే నేను చదివించలేను. అది తెలుసు కదా?"

"తెలుసు."

"మరి కోరి కొరివితో తల గోక్కుంటానంటావా? పైవాళ్లు అడిగారు, ఇచ్చెయ్. ఎవరు చేసుకున్నది వాళ్లనుభవిస్తారు."

"వాళ్లు చేసుకోలేదమ్మా. నేను చేశాను. నంబర్లు వేసింది నేనే."

తల్లి లేచి వంటకు వెళ్లింది.

శుక్రవారం తెల్లవారాక విదేశాంగం పెరట్లో బకెట్ పెట్టుకుని కూర్చుంది. పుస్తకాల కుట్టు విప్పి, ఒక్కొక్క ఆకూ నీళ్లలో వేసి చేత్తో అదిమింది. మూడు గళ్ల జాబితానూ వేసింది. కాగితం మెత్తబడుతోంది గానీ సంతకాలు ఇంకా స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి. డ్యూటీకి తయారై వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడి చూసింది. ఇరవైరెండేళ్లుగా టికెట్టు తాలూకు సగం ముక్క కూడా పారెయ్యని మనిషి. ఇప్పుడు అరుస్తుందని కూతురు తల వంచుకుంది.

"చన్నీళ్లకు ఆ సిరా వదలదు," అంది తల్లి. "పొయ్యి మీద వేణ్ణీళ్లున్నాయి, అవి తెచ్చి పోసెయ్." సంచి భుజానికి తగిలించుకుని బస్సు వేళ కావడంతో వెళ్లిపోయింది.

పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గదిలో ఆమె ఖాళీ చేతులతో నిలబడింది.

"పుస్తకాలేవమ్మా?"

"లేవండి. నీళ్లలో వేశాను. ముద్దయిపోయాయి."

"పొరపాటున పడ్డాయా?" ఆయన ఆమెకు దారి చూపిస్తున్నట్టే అడిగాడు.

"కాదండి. కావాలనే వేశాను. రహస్య ఓటని అందరికీ చెప్పింది నేనే."

ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే ఆమెకు తేలికయ్యేది. కలం మూత పెట్టి, కాసేపు బల్ల మీద ఉన్న ఫైళ్లు సర్దుకున్నాడు. "రెండు రోజులు కూర్చున్నావు. నీ జ్ఞాపకశక్తి నాకు తెలుసు. పోనీ, వాళ్ల పేర్లేవీ వద్దు. ఒక్కటే అడుగుతాను. నీ స్నేహితురాలి చీటీ చూశావా? శుభ్రంగా ఉందా, రాసి ఉందా? శుభ్రంగా ఉందని నువ్వు ఒక్క మాటంటే, ఇక్కడే, ఇప్పుడే సస్పెన్షన్ రద్దు చేస్తాను. నీ రాయితీ కాగితం మీద సంతకం కూడా పెట్టేస్తాను. ఎవరికీ నష్టం లేదు."

గీత దాటని ఆ టిక్కు ఆమె కళ్ల ముందే ఉంది. అబద్ధం చెప్పమనడం లేదు ఆయన. నిజమే అడుగుతున్నాడు. ఆ నిజం మైకును పరీక్షలో కూర్చోబెడుతుంది. కానీ ఒక ఓటు శుభ్రంగా ఉందని చెప్పిన నోరు, రేపు ఇంకోటి ఎలా ఉందో కూడా చెప్పాలి. పైగా అది మైకు ఓటు. చెప్పుకోవాలో వద్దో మైకు ఇష్టం. బల్ల అంచు పట్టుకుంది.

"నాకు తెలియదండి," అంది.

"తెలియదా?"

"తెలియదు."

ఆయన రాయితీ ఫైలు తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు. వెళ్లమన్నట్టు తలూపాడు.

ఆమె గేటు బయటికి వచ్చి రోడ్డు దాటింది. జిరాక్సు షాపు దగ్గర కూలబడింది. మైకు పలకరించలేదు గానీ పనీ మానలేదు. నాలుగు కట్టలయ్యాక అడిగింది.

"ఇచ్చావా?"

"లేదు. వేణ్ణీళ్లలో వేశాను."

"మరేమన్నాడు?"

"నీ చీటీ ఎలా ఉందో ఒక్కటి చెబితే చాలన్నాడు. తెలియదన్నాను."

మైకు చేతులు ఆగాయి. "నమ్మాడా?"

"ఎలా నమ్ముతాడు? నాకు తెలియని సంగతి ఒకటుందంటే ఈ కాలేజీలో ఎవరు నమ్ముతారు?"

మైకు నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. సోమవారం పరీక్ష పోయినట్టేనని ఇద్దరికీ ఇప్పుడు ఖాయంగా తెలుసు. ఆమె ముఖం తుడుచుకుని, రెండు కట్టలు విదేశాంగం ఒళ్లో పెట్టింది. "నేను లోపలికి రాకూడదు. నువ్వు వెళ్లు. కానీ ముందు వాళ్లకు జరిగింది చెప్పు. చెప్పాకే పంచు."

ఆఫీసు మెట్ల మీద ఆ రోజు నలభైమంది దాకా ఉన్నారు. విదేశాంగం కింది మెట్టు దగ్గర నిలబడి చెప్పింది. నంబర్లు వేసింది తనేనని, పుస్తకాలు తెరిచింది తనేనని, రాతలు చదివానని, సగం పేర్లు రాశానని, ఇప్పుడు అవేవీ లేవని. ఆమె మాట్లాడితే ఎవరో ఒకరు వేళాకోళం చెయ్యడం ఆ కాలేజీలో ఆనవాయితీ. ఇవాళ ఎవరూ చెయ్యలేదు. వాలీబాల్ కెప్టెన్ ఒక బూతుమాట అని ముఖం తిప్పుకున్నాడు. పై మెట్టు మీద చివరగా కూర్చున్న పిల్ల లేచి, మెల్లగా ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. మౌనవ్రతం అక్కడికి రావడం అదే మొదటి రోజు.

"నాది కూడా చూశావా?" అని అడిగింది.

"చూశాను," అంది విదేశాంగం.

ఆ పిల్ల ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కరపత్రాల కోసం చెయ్యి చాచింది.